చక్కెర దీవులు, శక్కర్‌నగర్

2015 డిసెంబర్‌లో బోధన్‌లోని నిజాం షుగర్ ఫ్యాక్టరీకి లాకౌట్ పడింది. రెండు నెలలు తిరిగేసరికి, 2016 ఫిబ్రవరిలో, విన్‌స్టన్ తుఫాను ఫిజీని చితక్కొట్టింది. రాకిరాకి దగ్గరున్న పెనాంగ్ చక్కెర మిల్లు ఆ దెబ్బకు ఆగింది, మళ్లీ నడవలేదు. అదే ఏడాది డిసెంబర్‌లో హవాయి దీవుల్లో మిగిలిన ఒకే ఒక్క మిల్లు, మావీలోని పూనేనే, ఆఖరి చెరకు ఆడి మూతపడింది. ఏడాది వ్యవధిలో మూడు చోట్ల మూడు సైరన్లు మూగబోయాయి. వాటిలో రెండు ఊళ్లు విమానమెక్కి సెలవులకు వెళ్లే దీవుల్లో ఉన్నాయి. మూడోది, సెలవుల కోసం జనం బయలుదేరే ఊరు.

ఇవాళ నిజామాబాద్, బోధన్, బాన్సువాడల్లోనూ కొత్త జంటలు, రిటైరైన టీచర్లు, గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన కుటుంబాలు మారిషస్ అనో, అండమాన్ అనో ట్రావెల్స్ ఆఫీసుల్లో ధరలు అడుగుతున్నారు. వాళ్లకిచ్చే రంగుల కాగితాల్లో నీలి సముద్రం, కొబ్బరి చెట్లు, తెల్లటి ఇసుక కనిపిస్తాయి. చెరకు కనిపించదు. కానీ మారిషస్, ఫిజీ, హవాయి అనగానే మనకు గుర్తొచ్చే తీరాల వెనక నేలంతా నిన్నమొన్నటి దాకా చెరకు తోటే. వాటిలో మారిషస్, ఫిజీ తోటల్లో వంగి పనిచేసినవాళ్లలో తెలుగువాళ్లున్నారు. చెరకు సీమ నుంచి చెరకు దీవికి వెళ్లేవాళ్లు ఈ చరిత్ర తెలిసి వెళ్తే, ఎప్పుడు వెళ్లాలి, ఏం చూడాలి అన్న ప్రశ్నలకు సగం జవాబు అందులోనే దొరుకుతుంది.

ముందు బోధన్ సంగతి. అశ్మక రాజ్యపు రాజధాని పోదన ఈ ఊరేనని చరిత్రకారులు చెబుతారు. అంత పాత ఊరికి కొత్త రూపు ఇచ్చింది మాత్రం మంజీరా నీళ్లు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ హయాంలో, 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేసిన నిజాంసాగర్, 2 లక్షల 75 వేల ఎకరాలను తడపాలన్న లెక్కతో కట్టిన ప్రాజెక్టు. దాని వెనక ఉన్న ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. కాలువ వచ్చాక ఆ నీళ్లను నమ్ముకుని ఏం పండించాలన్న ప్రశ్న వచ్చింది. వరి ఒక జవాబు, చెరకు మరొకటి. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. దాని చుట్టూ క్వార్టర్లు, ఆసుపత్రి, బడి, క్లబ్బుతో శక్కర్‌నగర్ లేచింది. జానకంపేట నుంచి బోధన్ దాకా రైలు పట్టాలు పడ్డాయి. ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీ మాదని ఇక్కడివాళ్లు దశాబ్దాల పాటు గర్వంగా చెప్పుకున్నారు.

చెరకు మిల్లు పొలాల మధ్యలోనే ఎందుకుండాలో బోధన్ రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కొట్టిన గడను ఎండలో నిలవ ఉంచితే గంట గంటకూ బరువు తగ్గుతుంది, రసంలో చక్కెర పడిపోతుంది. అందుకే ఎవరి తోట ఏ రోజు కొట్టాలో ఫ్యాక్టరీయే నిర్ణయించేది. కటింగ్ ఆర్డర్ చేతికొచ్చిన రోజు ఇంటిల్లిపాదికీ పని. తెల్లారకముందే కోత కూలీలు తోటలో దిగేవారు. మొదలుకు ఆనించి కత్తి వేసి, ఆకు దూసి, పైనున్న మొవ్వు పశువులకు తీసి, గడలు కట్టలు కట్టేవారు. బండ్లు బారులు తీరి కాటా దగ్గర ఆగేవి. తూకం చీటీ చేతిలో పడేదాకా రైతు బండి పక్కనే పడుకునేవాడు. లోపల రసం పిండేశాక మిగిలిన పిప్పి మళ్లీ బాయిలర్లకే మంటయ్యేది, మొలాసిస్ సారా బట్టీకి పోయేది. చెరకులో వృథా అయ్యేది దాదాపు ఏమీ లేదు.

చిన్న దీవిలోనూ ఇదే సూత్రం. గడ ఆగలేదు కాబట్టి మిల్లు దగ్గరుండాలి. 1850ల చివరికి మారిషస్‌లో 250కి పైగా చక్కెర మిల్లులు ఉండేవంటే కారణం అదే. మన పాత ఉమ్మడి నిజామాబాద్ జిల్లాలో నాలుగో వంతు కూడా లేని దీవి అది!

బోధన్‌నూ ఆ దీవినీ కలిపే దారి గోదావరి డెల్టా గుండా సాగుతుంది. 1890ల్లో డెల్టాలోని చెరకును ఎర్రకుళ్లు తెగులు ఊడ్చిపెట్టింది. దాన్ని ఎదుర్కోవడానికి 1902లో సామర్లకోటలో చెరకు పరిశోధన కేంద్రం పెట్టారు. వృక్షశాస్త్రవేత్త చార్లెస్ ఆల్ఫ్రెడ్ బార్బర్ అక్కడ రకాల మీద రకాలు నాటి చూశాడు. వాటిలో తెగులుకు కాస్త తట్టుకుని నిలిచి డెల్టాలో పాకింది రెడ్ మారిషస్ అనే చెరకు. ఇదే బార్బర్ 1912లో కోయంబత్తూరు చెరకు ప్రజనన కేంద్రానికి తొలి అధిపతి అయ్యాడు. తర్వాతి తరంలో అక్కణ్నుంచి వచ్చిన సీఓ 419 వంటి రకాలు దక్షిణాది తోటల రూపురేఖలనే మార్చేశాయి.

నిజాంసాగర్ కాలువ పారడం మొదలైన కొత్తలో కోస్తా నుంచి, ముఖ్యంగా కృష్ణా, గోదావరి, గుంటూరు జిల్లాల నుంచి, రైతులు ఇక్కడికి వలస వచ్చారు. ఉన్నదమ్ముకుని, ఇక్కడ ఎక్కువ ఎకరాలు కొని, కాలువ పక్కన గుడిసెలు వేసుకున్నారు. ఆ ఊళ్లను క్యాంపులన్నారు. వర్ని, కోటగిరి, బోధన్ చుట్టూ ఇప్పటికీ ఊరి పేరు చివర క్యాంపు అని ఉంటే అది ఆ వలస గుర్తే. నీళ్లు కట్టడం, కార్శి తోటను రెండో ఏడాదికి నిలుపుకోవడం, గానుగ ఆడి బెల్లం వండటం తెలిసిన చేతులు వాళ్లవి. స్థానిక రైతులు వాళ్ల దగ్గర కొంత నేర్చుకున్నారు, వాళ్లకు ఇక్కడి నల్లరేగడి గురించి కొంత నేర్పారు.

అదే కోస్తా నుంచి అంతకు వందేళ్ల ముందే ఇంకో వలస సాగింది. అది కాలువల వైపు కాదు, సముద్రం మీదికి.

బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వం రద్దయ్యాక మారిషస్ తోటల యజమానులకు పనివాళ్లు కరువయ్యారు. 1834 నవంబర్‌లో అట్లాస్ అనే ఓడ తొలి విడత ఒప్పంద కూలీలను పోర్ట్ లూయీలో దింపింది. వాళ్లు బిహార్ వైపు నుంచి వచ్చినవాళ్లు. 1843లో గోదావరి ముఖద్వారంలోని కోరంగి రేవు పేరే పెట్టుకున్న కోరంగి ప్యాకెట్ అనే ఓడలో తెలుగువాళ్లు వెళ్లారు. అప్పటికి నాలుగేళ్ల ముందే, 1839 తుఫాను కోరంగిని కుదేలు చేసింది. ఊరు పోయినా ఓడ మీద పేరు మిగిలింది. గోదావరి, విశాఖ, గంజాం ప్రాంతాల నుంచి ఆ తర్వాతా వెళ్తూనే ఉన్నారు. ఒప్పందం ఐదేళ్లకు. మగవాళ్లకు నెలకు 5 రూపాయల జీతం, బియ్యం, పప్పు, గుడ్డ. ఒక్కరోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోత. ఇదేదో చాటుగా జరిగిన అన్యాయం కాదు, యజమానులు రూలుగా అమలు చేసిన పద్ధతి.

మారిషస్ అగ్నిపర్వతం కక్కిన దీవి. నేలంతా నల్లరాళ్లు. చెరకు నాటాలంటే ముందు రాళ్లు ఏరాలి. కూలీలు వాటిని ఏరి ఏరి పొలం మధ్యలోనే కుప్పలు పోశారు. ఆ కుప్పలు కొన్ని చోట్ల మెట్లు మెట్లుగా, మనిషిని మించిన ఎత్తున, ఈ రోజుకీ చెరకు తోటల మధ్య నిలబడి ఉన్నాయి. విమానాశ్రయం నుంచి హోటల్‌కు వెళ్లే దారిలో కారు అద్దంలోంచి అవి కనిపిస్తాయి. బోధన్ నుంచి వెళ్లినవాళ్లు ఆ దారిలో ఒక్కచోటైనా కారు ఆపి వాటి దగ్గరికి వెళ్లాలి. ఒక్క రాయి పైకెత్తి చూస్తే చాలు, ఎకరం నేలను సాగులోకి తేవడానికి ఎన్ని నడుములు వంగాయో తెలుస్తుంది.

దాదాపు ఐదు లక్షల మంది కూలీలు దిగిన ఆ రేవు దగ్గరి డిపోను ఆప్రవాసీ ఘాట్ అంటారు. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించింది. పోర్ట్ లూయీలో సముద్రం ఒడ్డునే ఉంది, చూడటానికి ఒక పూట చాలు. మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఆనాటి వలస రికార్డులున్నాయి: కూలీ పేరు, తండ్రి పేరు, ఊరు, కులం, ఎత్తు, ఒంటిమీది మచ్చలు, ఎక్కిన ఓడ. 1860ల తర్వాత వచ్చిన చాలామందికి ఫోటోలు కూడా ఉన్నాయి. కోస్తా మూలాలున్న క్యాంపు కుటుంబాల్లో, తాతకు తాత తమ్ముడు ఓడెక్కి పోయాడని చెప్పుకునే ఇళ్లుంటే, ప్రయాణానికి ముందే వివరాలు రాసుకుని ఆ సంస్థకు ఉత్తరం పెట్టడం మేలు.

అక్కడి తెలుగువాళ్లు నాలుగైదు తరాల్లో భాషను చాలావరకు పోగొట్టుకున్నా కొలుపును పోగొట్టుకోలేదు. సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండుగ, రామభజన ఇప్పటికీ సాగుతున్నాయి. 1947లో మారిషస్ ఆంధ్ర మహాసభ ఏర్పడింది. ఉగాది అక్కడ దేశమంతటికీ సెలవు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది ఆ దీవిలోనే. చేతిలో పడే నోట్ల మీద కూడా రూపాయి అనే ఉంటుంది. కూలీలతో, వ్యాపారులతో కలిసి మన రూపాయి ఎంతగా చలామణీ అయిందంటే 1877లో మారిషస్ రూపాయిని తెచ్చినప్పుడు దాన్ని భారత రూపాయికే ముడిపెట్టారు. ఇప్పుడు రెండింటికీ విలువ వేరు, కాబట్టి రూపాయి అన్న మాట చూసి ధర పొరబడకూడదు.

ఫిజీ కథ ఆలస్యంగా మొదలై త్వరగా ముగిసింది. 1879లో లియోనిడాస్ ఓడతో కూలీల రాక మొదలైంది. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా తెలుగువాళ్లు, తమిళులు చేరారు. 1916లో రవాణా ఆగే నాటికి అరవై వేల మందికి పైగా వెళ్లారు. అక్కడి మిల్లుల్లో చాలావరకు ఆస్ట్రేలియా కంపెనీ కలోనియల్ షుగర్ రిఫైనింగ్‌వే. 1941లో తెలుగువాళ్లు దక్షిణ ఇండియా ఆంధ్ర సంగం పెట్టుకుని బడులు నడిపారు.

ఈ చెరకు దీవులు సెలవుల దీవులుగా మారింది ఇష్టపడి కాదు, అవసరం తరిమి. 1960లో కెరోల్ తుఫాను మారిషస్ చెరకులో సగానికి పైగా తుడిచిపెట్టింది. ఒక్క పంటను నమ్ముకుంటే ఏమవుతుందో దేశమంతా చూసింది. 1968 మార్చి 12న స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది ఆ దీవికి వచ్చిన పర్యాటకులు సుమారు 15 వేలు. 2018 నాటికి వాళ్లు 14 లక్షలు. మధ్యలో యూరప్ ఇచ్చే మంచి ధర చెరకును కొంతకాలం నిలబెట్టింది. 2006 తర్వాత యూరప్ ఆ ధరను అంచెలంచెలుగా 36 శాతం కోసేసింది. మిల్లులు ఒకటొకటిగా మూతపడి మూడుకు వచ్చాయి. చాలా హోటళ్ల వెనక ఉన్నది పాత చక్కెర ఎస్టేట్ల భూమి, ఆ ఎస్టేట్ల సొంతదార్ల పెట్టుబడి. దక్షిణ తీరంలో బెల్ ఓంబ్ర్ రిసార్టులు అలా పుట్టినవే. ఎస్టేటు యజమాని ఉన్న పాత భవంతిలో ఇప్పుడు అతిథులు భోంచేస్తున్నారు.

ఇక్కడ రెండు తేదీలు పక్కపక్కన పెట్టి చూడాలి. మారిషస్ ఉత్తరాన బో ప్లాన్ మిల్లు 1999లో ఆగిపోయింది. 2002లో దాన్ని చక్కెర మ్యూజియంగా తెరిచారు. రోలర్లు, బాయిలర్లు, పొగగొట్టం ఉన్నచోటే ఉంచి, బానిసల కాలం నుంచి కూలీల కాలం దాకా మొత్తం చరిత్రను మిల్లు లోపలే చెప్పారు. చివర్లో రకరకాల చక్కెరలు చెంచాతో చేతిలో పోసి రుచి చూపిస్తారు: కాస్త తేమగా, మన బెల్లం వాసన కొట్టే ముదురు రంగు చక్కెర దగ్గర తెలుగువాళ్లు తప్పకుండా ఆగుతారు. అదే 2002లో బోధన్ ఫ్యాక్టరీలో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి వెళ్లింది. ఎగువన సింగూరు నుంచి మంజీరా నీళ్లు హైదరాబాద్‌కు మళ్లాక నిజాంసాగర్ కింద చెరకు అప్పటికే చిక్కిపోయింది. 2015లో తాళం, 2019లో లిక్విడేషన్ ఉత్తర్వు. కార్మికులు బకాయిల కోసం, రైతులు మిల్లు కోసం చేసిన పోరాటాలు ఊరందరికీ తెలుసు. పునరుద్ధరణ కోసం 2024లో రాష్ట్ర ప్రభుత్వం కమిటీ వేసింది. మిల్లు నడిస్తే అంతకన్నా కావలసింది లేదు. నడిచినా, నడవకపోయినా శక్కర్‌నగర్ యంత్రాలు, రికార్డులు, క్వార్టర్లు తుక్కు కింద తూకానికి పోకూడదు. బో ప్లాన్‌లో మిగిల్చుకున్నది ఇక్కడ పోగొట్టుకోవడం న్యాయం కాదు.

ఇక ప్రయాణం ఏర్పాట్లు. చెరకు క్యాలెండరే ఇక్కడ మంచి గైడు. మారిషస్, ఫిజీ రెండూ భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్నాయి, మన చలికాలం వాళ్లకు ఎండాకాలం. నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా తుఫాన్ల కాలం, జనవరి నుంచి మార్చి మరీ ప్రమాదం. సంక్రాంతి సెలవులు కలిసొస్తాయని టికెట్లు తీసుకుంటే హోటల్ గదిలోనే కూర్చోవలసి రావచ్చు. ఏప్రిల్ చివర మన బడులు మూసేసరికి తుఫాన్ల భయం తగ్గుతుంది. మే నెల చల్లగా, రద్దీ లేకుండా ఉంటుంది. అయితే చెరకు కోత జూన్‌లో మొదలై డిసెంబర్ దాకా సాగుతుంది. తోటల్లో కోత, రోడ్ల మీద లారీలు, మిల్లు దగ్గర ఆ పచ్చి తీపి వాసన, వీటన్నిటితో పాటు పొడి వాతావరణం కూడా కావాలంటే బతుకమ్మ, దసరా సెలవులను మించిన సమయం లేదు. బోధన్ చెరకు కుటుంబాలకు కూడా ఆ రోజులే సరిపడతాయి, ఇక్కడ కోతలు ఇంకా మొదలవవు గనక. జూలై, ఆగస్టుల్లో తూర్పు, దక్షిణ తీరాల్లో గాలి జోరుగా ఉంటుంది. చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లు ఉత్తరాన గ్రాండ్ బే వైపో, పడమర ఫ్లిక్ ఆన్ ఫ్లాక్ వైపో బస పెట్టుకుంటే నీళ్లు నెమ్మదిగా ఉంటాయి.

బస మొత్తం ఒకే హోటల్లో, అన్నీ కలిపిన ప్యాకేజీలో తీసుకుంటే దీవిని చూడకుండానే తిరిగొస్తారు. కనీసం రెండు రోజులు కారు మాట్లాడుకుని, ఒకరోజు ఆప్రవాసీ ఘాట్, పోర్ట్ లూయీ బజారు, బో ప్లాన్ చూడాలి. ఇంకోరోజు నైరుతిన లె మోర్న్ కొండ చూడాలి. పారిపోయిన బానిసలు తలదాచుకున్న ఆ కొండ కూడా 2008 నుంచి ప్రపంచ వారసత్వ స్థలమే. భారతీయులకు మారిషస్, ఫిజీ రెండూ ముందస్తు వీసా అడగవు. కానీ తిరుగు టికెట్టు, బస కాగితం చేతిలో ఉండాలి, బయలుదేరే ముందు నిబంధనలు మరోసారి చూసుకోవాలి. పాస్‌పోర్టు కోసం హైదరాబాద్ పరుగెత్తనక్కర్లేదు, నిజామాబాద్‌లోనే సేవా కేంద్రం ఉంది. అక్కడికి ఎక్కువగా వచ్చేది గల్ఫ్‌కు పనికి వెళ్లేవాళ్లు. ఈ జిల్లా సముద్రాలు దాటడం కొత్తగా నేర్చుకోలేదు, పని కోసం దాటడం దానికి అలవాటే.

ఫిజీకి దూరం, ఖర్చు రెండూ ఎక్కువ. వెళ్లగలిగినవాళ్లు నాడి, లౌటోకా మధ్య చెరకు తోటల్లో తిరగాలి. కోత కాలంలో సన్నని పట్టాల మీద గడలు మోసే చిన్న రైళ్లు రోడ్డుకు అడ్డంగా వెళ్తుంటే కార్లు ఆగుతాయి. పాస్‌పోర్టు లేనివాళ్లకు అండమాన్ ఉంది. అక్కడ కూడా జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వానలు గట్టిగా ఉంటాయి, కాబట్టి ఆ నెలలు మానుకోవడం మంచిది. తెలుగువాళ్లు అక్కడా గణనీయంగా ఉన్నారు, భాష ఇబ్బంది ఉండదు. పగడాలు, గవ్వలు ఏరి సంచిలో వేసుకోవడం మాత్రం చట్టం ఒప్పుకోదు.

విమానం ఖర్చు పెట్టుకోలేని ఇంటికి కూడా ఒక దీవి ఉంది, చెరకు సీమలోనే. నిజాంసాగర్ కాలువ నీళ్లు నిలిపేందుకు 1930లలో కట్టిన అలీసాగర్, ఇంజనీరు అలీ నవాజ్ జంగ్ పేరు మీదే వెలిసింది. నిజామాబాద్‌కు 10 కిలోమీటర్లు, బాసర రోడ్డు మీద నుంచి లోపలికి 2 కిలోమీటర్లు. నీళ్ల మధ్యలో చిన్న దీవి, గుట్ట మీద విశ్రాంతి భవనం, వేసవి విడిది, తోటలు, జింకల పార్కు. డబ్బాల్లో పులిహోర, పెరుగన్నం కట్టుకుని ఆదివారాలు అక్కడ గడిపిన తరాలున్నాయి. ఎండాకాలంలో నీటిమట్టం పడిపోతుంది, అందుకే వానలు కురిసి కాలువ వదిలాక, ఆగస్టు నుంచి డిసెంబర్ లోపు వెళ్లాలి. బోటు నడుస్తోందో లేదో పార్కు వాళ్లను ముందే అడిగి తెలుసుకోవాలి. ఉదయం పూట వెళ్తే మధ్యాహ్నానికి బోధన్ చేరి, శక్కర్‌నగర్ వీధుల్లో నడిచి, ఆ మిల్లులో పనిచేసిన పెద్దవాళ్లు ఎవరైనా అరుగు మీద దొరికితే క్రషింగ్ సీజన్ సంగతులు అడిగి రాసుకోవచ్చు. వాళ్లకు తెలిసింది ఇంకా ఎక్కడా అచ్చుకాలేదు.